గుబురన్న ఎడమ మోకాలు

...సారీ నాన్నా, సారీ. మొన్న అడిగిన కథ ఇవాళ్టికి చెప్తున్నా. చెప్దామని ఫోన్ తీస్తే చాలు, ఎవరో ఒకరు రావడం, ఇంకేదో పని తగలడం. మీ అమ్మ చెప్పిందిలే, ఇష్టమైన ఆటగాడు వేరే జట్టుకి పోయాడని నిహాల్ గోడ మీద బొమ్మ చింపేశాడట. లాస్య ఏమో అన్నం ముందు కూర్చుని ఏడ్చిందట. చింపిన బొమ్మ పారేయకండి, పక్కన పెట్టండి. ముందు ఇది వినండి. కాస్త పొడుగు కథ. నేను చెబితే ఏదైనా పొడుగే, మీకు తెలుసుగా.

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదులే, ఒక అడవి. ఆ అడవిలో జంతువులన్నిటికీ కబడ్డీ పిచ్చి. ఏరుకి ఇవతల రేగుబయలు జట్టు. పేరుకి తగ్గట్టే రేగుపొదలూ రాళ్ళూ తప్ప ఏమీ లేని చోటు. ఏరుకి అవతల మామిడితోపు జట్టు. అక్కడ తిండికి లోటు లేదు, నీడకి లోటు లేదు.

రేగుబయలు జట్టులో చెంగడని ఒక కొండముచ్చు ఉండేవాడు. కూతకెళ్ళాడంటే వాడే. "కబడ్డీ కబడ్డీ" అంటూ నడిగీత దాటాడా, ఇటు తాకి, అటు గెంతి, వాళ్ళు కళ్ళు మూసి తెరిచేలోపు వెనక్కొచ్చేసేవాడు.

మరి అవతలివాడు కూతకొచ్చినప్పుడు ఏం చేస్తారు? చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసులా నిలబడతారు కదా. అప్పుడు చెంగడి పక్కన ఎప్పుడూ గుబురన్నే. గుబురన్న ఒక ఎలుగుబంటి. కొండలాంటి మనిషి... మనిషి కాదులే, కొండలాంటి ఎలుగు. వాడు నడుం పట్టాడంటే ఇంక కదలడం కల్ల.

కానీ గుబురన్నకి ఒక లోపం ఉంది. చిన్నప్పుడు తేనెపట్టు కోసం చెట్టెక్కి, ఈగలు ముసిరితే దబ్బున కింద పడ్డాడు. ఎడమ మోకాలు లోపల ఎక్కడో బెసికింది. పైకి కనపడదు. బరువు పక్కకి పడితే మాత్రం మోకాలు ఆగదు. ఆ సంగతి గుబురన్న ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆడనివ్వరని భయం.

చెంగడికి కూడా చెప్పలేదు. చెయ్యి పట్టుకుంటే తెలిసిపోయింది. ఆట మధ్యలో గుబురన్న చెయ్యి ఉన్నట్టుండి వణికేది.

"అన్నా, కాలా?" అని ఒకరోజు అడిగాడు చెంగడు.

"ష్! అరవకురా, పోలమ్మత్త వింటే ఆట మాన్పించేస్తుంది."

"మరి ఆట మధ్యలో నొప్పొస్తే?"

"నీ చెయ్యి మూడుసార్లు నొక్కుతా. నొక్కితే నువ్వు నా ముందుకొచ్చెయ్. సరేనా?"

అప్పట్నుంచి అదే లెక్క. మూడు నొక్కులు. చెంగడు ఒక అడుగు ముందుకేసి ఆ మోకాలికి అడ్డం నిలబడేవాడు. ఇన్నేళ్ళూ ఎవ్వరికీ తెలీలేదు.

ఇలా ఉండగా ఒక ఏడాది ఎండలు మండిపోయాయి. రేగుబయల్లో రేగుకాయలు కూడా కాయలేదు. చెంగడి తల్లికి అప్పుడే కవల పిల్లలు పుట్టారు. పాల్లేవు. పిల్లలు రాత్రీ పగలూ కీచుకీచుమని ఏడుపు. సరిగ్గా అప్పుడొచ్చి వాలింది మామిడితోపు గోరింక. దాని నోరు తేనే అనుకోండి.

"ఏం బాబూ, ఇంత ఆట పెట్టుకుని ఈ రాళ్ళల్లో ఏం చేస్తావు? మా ఏనుగు దొర నిన్నే అడిగాడు. మా జట్టుకొచ్చెయ్. మీ అమ్మకీ పిల్లలకీ ఏడాది పొడుగునా తోపులోనే కాపురం."

చెంగడు ఆ రోజంతా తిండి తినలేదు. అసలు తిండుంటే కదా. మర్నాడు ఉడుము పోలమ్మ దగ్గరికెళ్ళాడు. జట్టుకి ఆట నేర్పింది ఆవిడే. ఉడుంపట్టు అంటారే, ఆ పట్టు నేర్పిందీ ఆవిడే. చెంగడు చెబుతూ చెబుతూ మధ్యలో ఏడ్చేశాడు.

"ఏడుస్తావేంట్రా ఎదవా!" అంది పోలమ్మ. "పిల్లలు పస్తులుంటే నా గీత పట్టుకుని వేలాడమంటానా? కడుపు నిండే చోటికెళ్ళడం తప్పు కాదు. వెళ్ళు. బాగా ఆడు. మా మీదా ఆడు, మమ్మల్ని ఓడించు, నేనే చప్పట్లు కొడతా. ఒక్కటే మాట. ఇక్కడ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకున్నప్పుడు తెలుసుకున్నది మాత్రం ఏరు దాటించకు."

"దాటించను అత్తా. ఒట్టు."

గుబురన్న ఏటి ఒడ్డు దాకా వచ్చాడు. బాధ పైకి కనపడనివ్వలేదు. పైగా వేళాకోళం.

"మామిడిపళ్ళు తిని తిని పొట్ట పెంచకురా, పట్టుకుంటే చెయ్యి జారుద్ది" అన్నాడు. అని చెంగడి చెయ్యి పట్టుకుని మూడుసార్లు నొక్కాడు.

"కాలు నొప్పా అన్నా?"

"కాలు కాదులేరా" అని తిరిగి వెళ్ళిపోయాడు.

రేగుబయలు పిల్లలు కొందరు చెంగణ్ణి తిట్టారు, లేదని కాదు. మీలాగే. ఒక ముంగిస పిల్లైతే రాయి విసిరింది. గుబురన్న దాని చెవి మెలేసి, "వాడు ఎక్కడాడినా మనవాడేనే" అన్నాడు.

మామిడితోపులో చెంగడి తల్లి కోలుకుంది. పిల్లలు బొద్దుగా అయ్యారు. చెంగడు ఒళ్ళు దాచుకోకుండా ఆడాడు. తిన్న తిండికి న్యాయం చెయ్యాలి కదా, చేశాడు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు నాన్నా.

తరవాతి ఏడాది ఆఖరి ఆట ఎవరికీ ఎవరికీ పడిందో చెప్పండి? ఆ, మామిడితోపుకీ రేగుబయలుకీ.

ఆటకి వారం ముందు మామిడితోపు జట్టు పెద్ద, అడవిదున్న, చెంగడి భుజం మీద గిట్ట వేశాడు. గొలుసులో ఇక్కడ చెంగడి పక్కన నిలబడేది ఆ దున్నే.

"నువ్వు వాళ్ళతో ఆడినవాడివి. ఆ ఎలుగుని పడగొట్టడం ఎలా? ఎక్కడైనా లోపముందా?"

"నాకు తెలీదు" అన్నాడు చెంగడు.

రెండ్రోజులయ్యాక గోరింక వచ్చి వాలింది. "ఒక్క మాట చెప్పు బాబూ. ఏనుగు దొర ఎంత సంతోషపడతాడో."

"తెలీదన్నానా? ఎగిరిపో!" అని కొమ్మ ఊపేశాడు.

ఆ రోజు చెంగడు హాయిగా నిద్రపోయాడు. రెండుసార్లు అడిగినా నోరు విప్పలేదు, పోలమ్మత్తకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను అనుకున్నాడు. పాపం, నోటి సంగతే చూసుకున్నాడు గానీ...

సరే. ఆట రోజొచ్చింది. ఏటి ఇసకలో బరి గీశారు. ఇటు ఒడ్డున వీళ్ళు, అటు ఒడ్డున వాళ్ళు. న్యాయం చెప్పడానికి ఒంటికాలి మీద కొంగ. పొద్దు వాలేదాకా సరికి సరి. ఇంక ఒక్క కూతే మిగిలింది. అది మామిడితోపుది. చెంగడిది.

చెంగడు నడిగీతకి మొక్కి లోపలికెళ్ళాడు. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." ఎదురుగా తెలిసిన మొహాలన్నీ. గుబురన్న చెయ్యి ఇప్పుడు ఒక ముళ్ళపంది పట్టుకుని నిలబడింది. చెంగడి కాలి వేలు గుబురన్న భుజానికి తగిలింది. తగిలింది సరే, తిరిగి గీత దాటాలిగా. వెనక్కి గెంతేలోపు నడుం చుట్టూ ఆ చేతులు పడ్డాయి. ఆ పట్టు చెంగడికి తెలీదా? చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆ చేతుల్లో ఎన్నిసార్లు ఆడుకున్నాడో, ఎన్నిసార్లు నిద్రపోయాడో.

గీత జానెడు దూరం. ఊపిరి అయిపోతోంది. కూత సన్నబడుతోంది. ఒడ్డున ఏనుగు దొర లేచి నిలబడ్డాడు. తోపు తోపంతా "చెంగా! చెంగా!" అని అరుస్తోంది. చెయ్యి చాపితే ఇసకే అందుతోంది, గీత అందట్లేదు.

అక్కడ ఆగిపోతే ఏమయ్యేది? ఓడిపోయేవాడు. అంతే. ఓడిపోవడం ఆటలో ఉన్నదే కదా. ఆ సంగతి చెంగడికీ తెలుసు. తెలిసే, ఒళ్ళంతా బిగించి, తన బరువు మొత్తం ఎడమ పక్కకి పడేశాడు. గుబురన్న ఎడమ మోకాలి మీదకి.

ఎండుకొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడు. అంతే. పట్టు వదిలింది. చెంగడి చెయ్యి గీత దాటింది. కొంగ రెక్కలెత్తి, "మామిడితోపు గెలిచింది!" అంది.

అందులో తప్పుందని ఎవరూ అనలేదు. కొట్టలేదు, కొరకలేదు, బరువు వాల్చాడు. ఆట ప్రకారం అది ఒప్పే. దున్న వచ్చి చెంగణ్ణి భుజాల మీదకి ఎత్తుకున్నాడు. మెడలో పూలమాల పడింది. పైనుంచి చూస్తే గుబురన్న ఇసకలో పడున్నాడు. పోలమ్మ తన తోక వాడి మోకాలి కింద తలగడలా పెట్టి కూర్చుంది. దిగుదామనుకున్నాడు చెంగడు. దిగలేదు. దింపలేదు అని తరవాత చెప్పుకున్నాడు గానీ, దిగాలనుకుంటే దిగొచ్చు.

మర్నాడు తోపులో ఆట మొదలైంది. గొలుసు కట్టాలి. చెంగడు చెయ్యి చాపాడు. పక్కన ఎవరూ లేరు. దున్న వెళ్ళి అటు చివర నిలబడ్డాడు.

"ఏమైందన్నా?" అన్నాడు చెంగడు.

దున్న నేల చూపులు చూశాడు. "గెలిపించావు, కాదనను. కానీ నాకూ భుజం నొప్పుందిరా. నా చెయ్యి పట్టుకుంటే నీకు తెలిసిపోద్ది. రేపు నువ్వు ఇంకో జట్టుకెళ్తే?"

మూడు రోజులు చెంగడి చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది.

నాలుగోరోజు ఏరు దాటాడు, దొప్పనిండా తేనె పట్టుకుని. గుబురన్న గుహ ముందు పోలమ్మ అడ్డం కూర్చుంది.

"అత్తా, నేనెవరికీ చెప్పలేదత్తా. ఒట్టు తప్పలేదు."

"చెప్పలేదురా. చేశావు" అంది పోలమ్మ. తిట్టలేదు. "నువ్వెళ్ళిన రోజు నేను ఏడవలేదు, తెలుసా? అటు ఒడ్డున నువ్వు గెలిస్తే, మా వాడేనమ్మా అని అందరికీ చెప్పుకునేదాన్ని. ఇప్పుడేమని చెప్పుకోను?" అని పక్కకి జరిగింది.

లోపల గుబురన్న గోడకి ఆనుకుని ఉన్నాడు. మోకాలు గుమ్మడికాయంత ఉంది. చెంగణ్ణి చూసి నవ్వాడు.

"తేనె తెచ్చావా? ఏ చెట్టుదిరా? నన్ను పడేసిన చెట్టుదేనా?"

చెంగడు నవ్వలేకపోయాడు. "అన్నా, నన్ను తిట్టు. రెండు కొట్టు."

"ఎందుకురా? ఆట ఆటే. నువ్వు జట్టు మారావని నేనేనాడైనా అన్నానా?" కాసేపు తేనె నాకాడు గుబురన్న. తరవాత మెల్లిగా అన్నాడు. "ఎవరు కూతకొచ్చినా ఎడమకాలు వెనక్కి దాచుకునేవాణ్ణిరా. ఆ రోజు వచ్చింది నువ్వు కదా అని ముందుకేసి నిలబడ్డా. అటు పక్కకి నువ్వు రావనుకున్నా."

చెంగడు మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. గుబురన్న వాడి తల నిమిరాడు. క్షమించాడు నాన్నా, నిజంగానే క్షమించాడు. అలాంటి ఎలుగు వాడు.

"పద, అలా ఏటి దాకా నడుద్దాం. ఇరవై నాలుగ్గంటలూ ఈ గోడే చూస్తున్నా" అన్నాడు.

చెంగడు చెయ్యిచ్చాడు. గుబురన్న పట్టుకున్నాడు. అదే చెయ్యి, అదే వెచ్చదనం. దారంతా రాళ్ళు. రెండడుగులు వేసేసరికి గుబురన్న ఒళ్ళు వణికింది. చెంగడు ఎదురు చూశాడు. ఒక్కసారి నొక్కితే చాలు, ముందుకెళ్ళి అడ్డం నిలబడిపోదామని.

చెయ్యి నొక్కలేదు.

"నొప్పిగా ఉందా అన్నా?"

"లేదురా. బానే ఉంది" అన్నాడు గుబురన్న. కళ్ళ నిండా నీళ్ళు. చెయ్యి మాత్రం అలా ఊరికే ఉంది.

ఇంకో నాలుగడుగులు. మళ్ళీ వణికాడు. మళ్ళీ ఎదురు చూశాడు చెంగడు. ఏటి దాకా వెళ్ళారు, తిరిగొచ్చారు. గుబురన్న ఆ చెయ్యి వదలనూ లేదు, నొక్కనూ లేదు. ఆ రోజు కాదు, ఆ తరవాత ఎప్పుడూ...

ఆఁ? ఎవరూ? గ్యాస్ బండా? వస్తున్నానండీ, వెళ్ళిపోకండి, ఒక్క నిమిషం! నిహాల్, లాస్యా, పిలుస్తున్నారు, చివరి మాట ఇదే, వినండి—

నీతి: జట్టు మారినవాడు ద్రోహి కాదు నాన్నా, మనల్ని నమ్మి చెయ్యిచ్చినవాడి నొప్పిని వాడి మీదే వాడుకున్నవాడు ద్రోహి, వాడికి క్షమాపణ దొరుకుతుందేమో గానీ, ఆ నమ్మకం మళ్ళీ దొర— ఆఁ, వస్తున్నా!