మూడో వరసలో తుమ్ము

సంస్థానాలు పోయి ఏళ్ళు గడిచినా, పాతర్లకోట రాజా గజపతి దేవుగారు శుక్రవారం శుక్రవారం దర్బారు పెడుతూనే ఉన్నారు. ఏలడానికి ఊరు లేదు కనక సంగీతాన్ని ఏలేవారు. ఓ శుక్రవారం ఆయనకి స్విట్జర్లాండు నుంచి కొత్త సీడీ ప్లేయరు దిగింది. పెట్టెని ఇద్దరు మోసుకొచ్చారు.

"మన పాతది మేలా, ఇది మేలా? ఇవాళ తేలిపోవాలి" అన్నారు రాజావారు.

తేల్చడానికి శ్రవణకేసరి పద్మాకరంగారు ఉండనే ఉన్నారు. ఆ బిరుదు ఆయనకి ఆయనే ఇచ్చుకున్నారు. ప్లేయరు కింద గంధపు చెక్క పెడితే మృదంగం కమ్మగా మోగుతుందని చెప్పి, రాజావారి చేత పెట్టించిన ఘనుడు.

"వినడం కూడా దండగ ప్రభూ. పాతదాన్ని తుక్కులో వేయించండి. దాన్ని చూసుకునే పైడయ్యని కూడా పంపించెయ్యండి. కొత్తదాన్ని ముట్టుకోడానికి చదువుకున్నవాడుండాలి" అన్నారు.

పైడయ్య అక్కడే నిలబడి ఈ మాటలు విన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ప్లేయరు తుడుస్తూ, డిస్కులు పెడుతూ బతుకుతున్నాడు. ఇంకో పని రాదు. అయినా చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు:

"ఒక్కసారి తెర కట్టి వినిపిస్తాను దొరా. రెండుసార్లూ ఒకే కచేరీ. శ్రవణకేసరిగారు చెవులతోనే చెబుతారు."

రాజావారికి ఈ తమాషా నచ్చింది. "ముందు పాతది, తర్వాత కొత్తది" అని సెలవిచ్చారు. ప్లేయర్లు, స్పీకర్లు, వాటితో పాటు పైడయ్య తెర వెనక్కి చేరారు.

"మొదటిసారి దొరా."

వయొలిన్ మోగింది. పద్మాకరంగారు మొహం చిట్లించారు. "రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది."

"రెండోసారి దొరా."

ఈసారి ఆయన కళ్ళు మూసుకుని తల ఊపారు. అది చూసి రాజావారు ఊపారు. రాజావారిని చూసి దర్బారంతా ఊపింది. పల్లవి మధ్యలో ఎవరో నస్యం పీల్చిన చప్పుడు, వెంటనే ఓ తుమ్ము వినిపించాయి.

పద్మాకరంగారు పులకించిపోయారు. "విన్నారా ప్రభూ? యంత్రమంటే ఇదీ. కచేరీకొచ్చినవాళ్ళ ఊపిరి కూడా అందుతోంది. ఆ తుమ్మినాయన మూడో వరసలో ఎడమపక్క కూర్చున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. పాతదాంట్లో ఈ తుమ్ము వినబడిందా?"

"లేదే" అన్నారు రాజావారు అబ్బురపడుతూ.

తెర తొలిగింది. పైడయ్య చేతిలో నస్యం డబ్బీ పట్టుకుని ముక్కు తుడుచుకుంటున్నాడు.

"ఆ మూడో వరస పెద్దాయన్ని నేనే దొరా. నాకింకా నలభై నిండలేదు."

"మరి కొత్త ప్లేయరేదిరా?"

"పెట్టె పక్కనే ఉంది దొరా. దాని ప్లగ్గు మన గోడలో దూరలేదు. రెండుసార్లూ మోగింది పాతదే."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదరా?"

"శ్రవణకేసరిగారికి వినగానే తెలిసిపోతుంది కదా అని ఊరుకున్నాను దొరా."

రాజావారు పద్మాకరంగారి మొహం చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే తన జరీ శాలువా తీసి పైడయ్యకి కప్పి, "పాతదీ ఇక్కడే ఉంటుంది, నువ్వూ ఇక్కడే ఉంటావు" అన్నారు. పైడయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ పూటకి దర్బారులో నవ్వు ఆగలేదు.