గొలుసు లేని బండి

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న కాలేషా మేస్త్రీకి ఒక అలవాటు ఉండేది. ఏ బండి వచ్చినా ముందు స్పానరు పట్టడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి చేర్చుకుని కళ్ళు మూసుకుంటాడు. ఎక్కడో దూరాన ఎవరో పాడుతుంటే వింటున్నవాడిలా ఉంటాడప్పుడు. ఆయన దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్న పున్నారావుకి ఆ ముఖం చూసే ఈ పని మీద ప్రేమ పుట్టింది. పాడైపోయేది ఏదైనా ముందు చప్పుడు చేస్తుందనీ, వినే చెవి ఉంటే చాలనీ మనసారా నమ్మాడు.

ఆ నమ్మకం ఒక మంగళవారం పొద్దున కూలిపోయింది. అతని భార్య సామ్రాజ్యం అన్నం వండి, మీద పళ్ళెం బోర్లించి, బిందె నిండా నీళ్ళు పట్టిపెట్టి, ఈపూరులో అన్నగారింటికి వెళ్ళిపోయింది. ఇక రానన్న మాట కూడా పక్కింటావిడతోనే చెప్పించింది.

రెండు రోజులు పని ముట్టకుండా కూర్చున్న పున్నారావు మూడో రోజు అడిగాడు.

"ఇంట్లోకి దేనికీ లోటు చెయ్యలేదు మేస్త్రీ. తొమ్మిదేళ్ళలో ఆవిడ ఒక్కసారి గొంతెత్తి ఎరగదు. చప్పుడన్నదే లేకుండా ఎట్టా పాడవుద్ది?"

అంతలో పశువుల డాక్టరు నరహరిగారి పాత బండి ట్రాలీ ఆటోలో వచ్చి దిగింది. దానికి గొలుసు ఉండదు. గేరుబాక్సు నుంచి వెనక చక్రం దాకా గొట్టంలో దాక్కుని ఒక ఇనుప షాఫ్టు తిరుగుతుంది. దాని చివర ఉన్న పళ్ళు చక్రం లోపలి పళ్ళను పట్టుకుని బండిని నడుపుతాయి.

"గొలుసు గోల లేదని మురిసిపోయి కొన్నానయ్యా," అన్నాడు డాక్టరు. "అక్కడ బర్రె ఈనలేక అల్లాడుతుంటే ఇది నన్ను నడిరోడ్డు మీద దింపేసింది. నేను నడిచి చేరేసరికి దూడ నిలబడి పాలు తాగుతోంది!"

మేస్త్రీ బండిని స్టాండు వేయించి స్టార్టు చేయించాడు. స్క్రూడ్రైవరు పున్నారావు చేతికిచ్చాడు. పున్నారావు విన్నాడు. ఇంజను హాయిగా పాడుతోంది. గేరు వేస్తే మెత్తగా పడింది. వెనక చక్రం మాత్రం కదల్లేదు. గేరుబాక్సు నూనె దించి చూస్తే తేనెలా ఉంది, ఒక్క ఇనుప రజను లేదు.

"నూనెలన్నీ టైముకి మార్చాను మేస్త్రీ," అన్నాడు పున్నారావు.

"చక్రం విప్పు."

విప్పాడు. పళ్ళుండాల్సిన చోట, చప్పరించి ఊసేసిన నిమ్మబిళ్ళలా నున్నగా ఉంది. చుట్టూ ఎర్రటి తుప్పు పొడి, ఎండిన కుంకంలా.

"పోయినేడు టైరు మార్చినప్పుడు ఈ చక్రం విప్పిందెవరు?"

"నేనే."

"ఆ నూనె ఇక్కడిదాకా రాదు. పళ్ళకి గ్రీజు రాశావా?"

"చప్పుడేం లేదు గదా అని..." అంటూ పున్నారావు ఆగిపోయాడు. తన మాట తన చెవినే పడింది.

చాలాసేపు ఆ నున్నటి ఇనుము వంకే చూశాడు. పెళ్ళయిన కొత్తల్లో రోజూ సాయంత్రం సామ్రాజ్యం గుమ్మంలో నిలబడి ఇవాళ ఏం బండ్లొచ్చాయని అడిగేది. అడగడం ఎప్పుడు మానేసిందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని ఆ మధ్య మేస్త్రీ దగ్గరే మురిసిపోయాడు కూడా.

ఉన్నట్టుండి లేచి గ్రీజు డబ్బా తెచ్చాడు. నాలుగు వేళ్ళతో తీసి, లేని పళ్ళ మీద దట్టంగా పట్టించసాగాడు.

"మధ్యాహ్నం బస్సుకి ఈపూరు వెళ్తాను మేస్త్రీ. కాళ్ళు పట్టుకునైనా సరే, ఓ మంచి మాట చెప్తాను. వస్తదంటారా?"

మేస్త్రీ అతని వంక చూడకుండా ఒక పాతగుడ్డ అందించాడు.

"ముందు ఆ గ్రీజు తుడిచెయ్యి. పళ్ళున్నప్పుడు రాయాల్సింది. ఇప్పుడది జారడానికే పనికొస్తుంది."