మూడో కంచం

హైమకి నాలుగో పుస్తకం ఎంతకీ తెమల్లేదు. మొదటి మూడూ పిల్లలు ఎగబడి చదివారు. వానకి సర్కారు తాళం వేసిన ఊరు, గుక్కెడు నీళ్ళకోసం తల వంచిన పెద్దలు, వంచని పిల్లలు, ఇదీ కథ. మూడో పుస్తకం చివర్లో మిణుగు అనే పిల్ల ఆనకట్ట తలుపెత్తి, నీళ్ళని ఊళ్ళోకి వదిలి, ఆ తలుపు కిందే ఉండిపోయింది.

అప్పట్నించీ ఉత్తరాలే ఉత్తరాలు. మిణుగు లేకపోతే మీ పుస్తకం ముట్టమని బెదిరించినవాళ్ళు కొందరు, కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళు కొందరు. ఆఖరి పుస్తకంలో ఆ పిల్ల తిరిగి రావాలట. అచ్చువేసే ఆయనదీ అదే పాట.

హైమ లొంగిపోయింది. ఉత్తరాలకి మాత్రం కాదు. మిణుగు నడకా, నవ్వూ, ఎడంచేత్తో జడ వెనక్కి విసిరే ఆ విసురూ రోహిణివి. రోహిణి బడిలో హైమ పక్కన కూర్చునేది. వరహాలమ్మకి ఒక్కగానొక్క కూతురు. పద్నాలుగో ఏట, వారం రోజుల జ్వరంతో పోయింది.

వరహాలమ్మ తెనాలి ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. కూతురి పుస్తకాలన్నీ తెచ్చి హైమ చేతిలో పెట్టింది. చదవడం నేర్పింది, రాయడం నేర్పింది, రాసింది చించెయ్యడమూ నేర్పింది. ఆవిడ నోట మెచ్చుకోలు విన్నవాళ్ళు ఊళ్ళో లేరు.

మిణుగు తిరిగొచ్చేలా రాసిన నాలుగో పుస్తకం పట్టుకుని వరహాలమ్మ ఇంటికి వెళ్తూ, ఈసారి మెచ్చుకుంటుందనుకుంది హైమ. నీ కూతుర్ని నీకు తెచ్చిచ్చానని వేరే చెప్పక్కర్లేదు, కాయితాలే చెప్తాయి.

ప్రూఫు చదివినట్టే చదవమంది వరహాలమ్మ. అంటే ఒకరు కామాలతో సహా పైకి చదవాలి, ఇంకొకరు పెన్సిలు పట్టుకుని వినాలి. పొద్దున్నే మొదలుపెట్టారు, చదవడం హైమ, పెన్సిలు వరహాలమ్మ. పెన్సిలు ఒక్క చోట ఊరుకుంటేనా. కాపలా సైనికుడు మూడు వాక్యాలుగా నీళ్ళు నములుతున్నాడు, మింగమను అంది. వాన కురిసిన చోట ఉపన్యాసం దంచకు, తడవనీ అంది.

చివరి అధ్యాయంలో మిణుగు బురదలోంచి లేచొచ్చింది. గుమ్మంలో నిలబడి నవ్వి, వాళ్ళమ్మని అన్నం పెట్టమంది.

పెన్సిలు కదల్లేదు. ఒక్క కామా దగ్గర కూడా.

"ఎలా ఉందమ్మా?" అంది హైమ.

వరహాలమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. అటక మీంచి ఏదో దించిన చప్పుడు, కడిగిన చప్పుడు. హైమ వెళ్ళి చూసేసరికి గోడవారన మూడు కంచాలున్నాయి. మూడోది ఇంకా తడిగా ఉంది. దాని అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు: రోహిణి.

మూడింట్లోనూ అన్నం పెట్టింది, పప్పు వేసింది. మూడోదాంట్లో నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేసింది.

"వచ్చిందిగా," అంది. "పిలువు. చల్లారిపోతుంది."

హైమ వీధి గుమ్మం దాకా వెళ్ళింది. నోరు తెరిచింది. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో ఆ పేరు ఎవరూ గట్టిగా పిలవలేదని అప్పుడు తోచింది. పిలవకుండానే తలుపు పట్టుకు నిలబడింది. ఐసుబండివాడు గంట కొట్టుకుంటూ వీధి చివరికి పోయాడు.

వెనక్కి వచ్చేసరికి నెయ్యి పేరుకుంది. వరహాలమ్మ ఇంకా కంచంలో చెయ్యి పెట్టలేదు. గుమ్మం వైపే చూస్తోంది, నిజంగా ఎవరో రావాల్సి ఉన్నట్టు.

హైమ కూర్చుంది. చివరి అధ్యాయం కాయితాలు నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో ఉంచుకుంది.

ఆఖరికి వరహాలమ్మ మూడో కంచం దగ్గరికి లాక్కుని, అందులో అన్నం సగం హైమకి పెట్టింది, సగం తను పెట్టుకుంది.

"తిను," అంది. "రాని పిల్ల అన్నం ఎలా తింటామో, అది రాయి."