నీలిరెక్క మీది గీతలు

పాలకొండలో రాజ్యలక్ష్మిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ కూర్చున్నచోట జవాబు చెప్పేవారు కారు. చెప్పులు తొడుక్కుని పెరట్లోకి నడిచేవారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆ పెరట్లోనే ముప్పై ఏళ్ళుగా సీతాకోకచిలుకల్ని గుర్తుపట్టి, అరవైయొక్క రకాలకి పేర్లు రాసి పెట్టుకున్నారు. ఆ పేర్లన్నీ ఫొటోలతో సహా పుస్తకంగా మర్నాడు అచ్చుకి వెళ్ళాలి.

ఫొటోలు తీసింది ఆవిడ శిష్యుడు, టైలరు కూర్మారావు. సన్నసూదిలో దారం ఎక్కించే కన్ను అతనిది. ముందురోజు, వేలిగోరంత కూడా లేని ఒక నీలి సీతాకోక ఫొటోని పెద్దది చేసి చూశాడు. ఆవిడ ‘నాలుగుగీతల నీలి’ అని రాసినదాని ముందురెక్క అడుగున ఆరు గీతలున్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాడు. ఆరే.

మర్నాడు ఉదయాన్నే వచ్చి, ఫొటో సంగతి ఎత్తకుండా అడిగాడు: “అమ్మా, గురువు మాట ఒకటి, కంటికి కనపడేది ఇంకొకటి అయితే శిష్యుడు దేన్ని నమ్మాలి?”

రాజ్యలక్ష్మిగారు అతని ముఖంలోకి ఓ క్షణం చూసి లేచారు. పెరట్లో బట్టలుతికే బండ పక్కన, తడిమట్టి మీద, అదే రకం సీతాకోక ఒకటి రెక్కలు మూసుకుని వాలి ఉంది.

“ఫొటో తియ్యి,” అన్నారు.

కూర్మారావు బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి తీశాడు.

“గీతలెన్ని?”

మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఈ మట్టిలో కూర్చున్న పొద్దులన్నీ అతనికి గుర్తొచ్చాయి. “నాలుగేనమ్మా,” అన్నాడు.

ఆవిడ కెమెరా అందుకుని, బొమ్మ పెద్దది చేసి, ఒక్కొక్క గీత మీదా వేలు పెడుతూ పైకే లెక్కపెట్టారు. నాలుగు దగ్గర ఆగలేదు. ఆరు అన్నాక కెమెరా అతని చేతికిచ్చి, అక్కడినుంచే ప్రెస్సుకి ఫోను చేశారు. “పన్నెండో పేజీలో పేరు మార్చాలండీ. ఆరుగీతల నీలి. అవును, తప్పు నాదే.” గొంతు ఎక్కడా తడబడలేదు.

కూర్మారావు తల ఎత్తలేకపోయాడు. “నిన్ననే చూశానమ్మా. మీ పేరు మీద వచ్చే పుస్తకం కదా... మీ మీది గౌరవంతో నోరు రాలేదు.”

సీతాకోక లేచి గోడ దాటింది. అటే చూస్తూ ఆవిడ అన్నారు:

“నేను సరిగ్గా చూడక నాలుగన్నాను నాయనా. నువ్వు చూసి నాలుగన్నావు.”