సరంగు శవం వేసిన అసిరయ్య

అనగనగా ఒక సముద్రం, ఆ సముద్రం ఒడ్డున కొబ్బరితోటలు, ఆ తోటల మధ్య ఒక ఊరు. సినిమాలకి మాటలొచ్చాయి గాని రంగులింకా రాని కాలం. ఆ ఊళ్ళో అసిరయ్య అని ఒకడుండేవాడు. కొబ్బరిపీచు నానబెట్టి, దంచి, తాళ్ళు పేనడం అతని పని.

అసిరయ్యకి నాటకాలంటే ప్రాణం. కాని నత్తి. "పులుసు" అనే మాట నోట్లోంచి బయటపడేలోగా పులుసు చల్లారిపోయేది.

ఆ ఊళ్ళో నాటకాలాడించేది దాలినాయుడు మేష్టారు. తనే రాసేవాడు, తనే నేర్పేవాడు. అసిరయ్య ఆయన చుట్టూ మూడేళ్ళు తిరిగాడు. మొదటి ఏడు రాజు వేషం అడిగితే మేష్టారు నవ్వి పంపేశాడు. రెండో ఏడు బంటు వేషం అడిగితే, బంటుకైనా రెండు మాటలుంటాయి కదరా అన్నాడు. మూడో ఏడు అసిరయ్య ఏమీ అడగలేదు. రోజూ పని కాగానే వచ్చి, రిహార్సల్ జరిగే పాకలో ఒక మూల కూర్చుని వినేవాడు.

ఆ ఏడే మేష్టారు 'సరంగు పెళ్ళాం' రాశాడు. పడవ నడిపే సరంగుని తుఫాను పూట సముద్రం మీదికి బలవంతాన పంపుతాడు పడవ యజమాని. సరంగు మునిగిపోతాడు. శవాన్ని ఒడ్డుకి తెచ్చి దుప్పటి కప్పుతారు. పెళ్ళాం వచ్చి మీదపడి ఏడుస్తుంది. ఏడుస్తూ ఏడుస్తూనే యజమాని చేసిన పాపమంతా పదిమందిలో పెడుతుంది. ఆ ఏడుపు పావుగంట. నాటకమంటే అదే. సరంగు మాత్రం బతికుండగా ఒక్కసారీ కనపడడు.

మేష్టారు మూలకి చూసి, ఇదిగోరా నీ వేషం అన్నాడు.

అసిరయ్య పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చచ్చిపోయాడు. ఊపిరి ఆడుతోందో లేదో పక్కవాళ్ళకే తెలీలేదు.

సరంగు పెళ్ళాం వేషం వరాలమ్మది. ఆమె మొగుడు కూలికని రంగూన్ ఓడ ఎక్కి, మళ్ళీ రాలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. నాటకాలాడి పొట్ట పోసుకునేది. మంచి గొంతు, మంచి మనిషి. మొదటి ఆట నాడు శవం మీద పడి నాలుగు మాటలు ఏడ్చి, అయిదో మాట మరిచిపోయింది. ఎదురుగా వెయ్యిమంది జనం. తెర పక్కనుంచి మేష్టారు అందిస్తున్న మాట ఆమెకి వినపడటం లేదు. అప్పుడు దుప్పటి కింద నుంచి అయిదో మాట వచ్చింది. గుసగుసగా, తడబాటు లేకుండా వచ్చింది. గట్టిగా మాట్లాడితే పట్టుకునే నత్తి, గుసగుసకి పట్టుకోలేదు. ఆ వెనకే దుప్పటి అంచు కింద నుంచి ఒక చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది. ఏడుపు పెరగాల్సిన చోట ఆ చెయ్యి నొక్కింది. తగ్గాల్సిన చోట సడలింది. వరాలమ్మ ఆ పావుగంట ఏడ్చిన ఏడుపుకి వెయ్యిమందీ ఏడ్చారు.

ఆ తర్వాత ఎన్ని ఆటలాడినా అదే తీరు. ఊరూరా వరాలమ్మ పేరు మోగింది. దుప్పటి కింద సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. ఆమె ఒకసారి చెప్పబోతే అసిరయ్య వద్దని తల ఊపాడు. శవం మాట్లాడిందంటే నాటకం పాడవుతుందని అతని భయం.

ఇలా ఉండగా మద్రాసు నుంచి ఒక సినిమా దర్శకుడు వచ్చి ఆట చూశాడు. దీన్ని సినిమా తీస్తాను, ఎవరి వేషం వాళ్ళే వెయ్యాలి, అందరూ రండి అన్నాడు. ఊరంతా పొంగిపోయింది. రైలెక్కేవాళ్ళ పేర్లు రాస్తూ రాస్తూ అసిరయ్య దగ్గర దర్శకుడు కలం ఆపాడు. పడుకోడానికి ఇంత దూరం నుంచి మనిషెందుకు, మా దగ్గర బోలెడుమంది ఉన్నారన్నాడు.  వరాలమ్మ నోరు తెరవబోయింది. అసిరయ్య ఆమె వైపు చూసి వద్దని తల ఊపాడు. అందరి పెట్టెలూ స్టేషను దాకా మోసి, రైలు కదిలాక తాళ్ళ పనికి వెళ్ళిపోయాడు.

మద్రాసులో నాటకం వాళ్ళు మూడు తిప్పలు పడ్డారు. అరవొద్దన్నారు, వాళ్ళకేమో చివరి వరసకి వినపడేలా అరవడం అలవాటు. జనం వైపు చూడొద్దన్నారు. అక్కడ జనమే లేరు. కథలో వెనక వచ్చేది ముందు తీసి, ముందు వచ్చేది వెనక తీస్తామన్నారు. ఆ వరస ఎవరికీ అంతుపట్టలేదు. అయినా మెల్లిగా నేర్చుకున్నారు. చివరికి ఏడుపు ఘట్టం మిగిలింది.

మొదటిరోజు ఒక బలమైన మనిషిని పడుకోబెట్టారు. వరాలమ్మ మీద పడగానే అతనికి దగ్గొచ్చింది. రెండోరోజు దూది కూరిన బొమ్మని పెట్టారు. ఆమె పట్టుకుంటే దాని చెయ్యి ఊడొచ్చింది. మూడోరోజు పేరున్న నటుడొకాయన, ఇందులో ఏముందని తనే పడుకున్నాడు. నిజంగా చచ్చినట్టే ఉన్నాడు. వరాలమ్మ మాటలన్నీ తప్పు లేకుండా చెప్పింది. ఏడుపు మాత్రం రాలేదు. కళ్ళలో మందు వేశారు. నీళ్ళు కారాయి. అవి నీళ్ళే.

దర్శకుడు మేష్టార్ని పక్కకి పిలిచి, రేపొక్కరోజు చూస్తాను, కాకపోతే వేరే ఆవిణ్ణి పెట్టుకుంటానన్నాడు.  ఆ మాట విని వరాలమ్మ దర్శకుడి ముందుకొచ్చి నిలబడింది.

"బాబూ, మా ఊరి శవాన్ని పిలిపించండి" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దర్శకుడు నవ్వలేదు. ఎందుకమ్మా అని అడిగాడు.

"నా మొగుడు రంగూన్ పోయి రాలేదు. ఉన్నాడో పోయాడో తెలీదు. ఎవరి మీద పడి ఏడవను? మా అసిరన్న నా చెయ్యి పట్టుకుంటాడు. అప్పుడు ఏడుస్తాను. ఇన్నాళ్ళూ మీరంతా మెచ్చుకున్న ఏడుపు అదే."

మేష్టారికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. తన నాటకాన్ని అన్నేళ్ళు మోసినవాడు ఎవడో కూడా అప్పుడే తెలిసింది. దర్శకుడు ఒప్పుకోగానే, అసిరయ్యని రమ్మని తంతి తనే స్వయంగా వెళ్ళి ఇచ్చాడు.

రెండోనాటికి అసిరయ్య దిగాడు. చేతులకి ఇంకా పీచు అంటుకునే ఉంది. దర్శకుడు, నువ్వు చేసేదేమిటయ్యా అని అడిగాడు. అసిరయ్య "నే... నే..." అన్నాడు గాని మాట ముందుకి పోలేదు. సరేలే అని దర్శకుడు చాప చూపించాడు.

అసిరయ్య పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చచ్చిపోయాడు.

వరాలమ్మ వచ్చి మీద పడింది. దీపాలు పట్టేవాళ్ళు, కెమెరా తిప్పేవాళ్ళు, అక్కడ టీ ఇచ్చే మనిషి, అందరూ కళ్ళు తుడుచుకున్నారు. అయింది అన్నాడు దర్శకుడు. కాని చెవులకి తొడుగులు పెట్టుకుని శబ్దం పట్టే అతను మొహం వేలాడేసుకుని వచ్చాడు. లోపల ఇంకో గొంతు వినపడుతోంది, ఇది పనికిరాదన్నాడు. మైకు గుసగుసని కూడా వదల్లేదు.

మళ్ళీ తియ్యాలి.  ఆ మాటలు అందకపోతే తన వల్ల కాదంది వరాలమ్మ. అప్పుడు అసిరయ్య లేచి కూర్చున్నాడు. అంతమంది ముందు అతను గట్టిగా మాట్లాడింది అదొక్కసారే.

"మా... మాటలన్నీ నీకు వచ్చు తల్లీ. ఎ... ఎప్పుడో వచ్చేశాయి. నే... నేనే ఊరికే చెప్తున్నాను. చె... చెయ్యి చాలు."

అని మళ్ళీ పడుకున్నాడు. ఈసారి దుప్పటి కింద నుంచి ఒక్క మాట రాలేదు. చెయ్యి మాత్రం నొక్కాల్సిన చోట నొక్కింది, సడలాల్సిన చోట సడలింది. సినిమాలో ఉన్నది ఆ ఏడుపే.

సినిమా బాగా ఆడింది. తెర మీద మొదట్లో అందరి పేర్లూ వేశారు. అసిరయ్య పేరు వెయ్యలేదు. వేయించమని మేష్టారు రెండు ఉత్తరాలు రాశాడు గాని, శవానికి పేరేమిటని ఆ కంపెనీలో ఎవరో పక్కన పెట్టేశారు. ఊరికి టూరింగు టాకీసు వచ్చినప్పుడు అసిరయ్య కూడా వెళ్ళి నేల మీద కూర్చున్నాడు. నువ్వేడిరా అని పక్కవాడు అడిగితే, తెర మీది దుప్పటిని చూపించాడు. మనిషి కనపడడు. కాని బాగా చూస్తే, వరాలమ్మ గొంతు పెరిగే ముందర దుప్పటి అంచు కొంచెం కదులుతుంది. మిగతా ఊళ్ళలో అది ఎవరూ చూడలేదు. ఆ ఊరివాళ్ళు అది చూడటానికే మళ్ళీ మళ్ళీ వెళ్ళారు.

వరాలమ్మని ఆ తర్వాత మరో మూడు సినిమాలకి పిలిచారు. ఒకటి వేసింది, రెండు వద్దంది. అసిరయ్య తాళ్ళు పేనుకుంటూ, ఆట ఉన్ననాడు చచ్చిపోతూ చాలాకాలం బతికాడు.

ఒకనాడు మధ్యాహ్నం తిండి తిని పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చచ్చిపోయాడు. లేపితే లేవలేదు.

కబురు తెలిసి వరాలమ్మ బస్సు దిగి వచ్చింది. అప్పటికి వేరే ఊళ్ళో ఉంటోంది, ముసలిదైపోయింది. వేలసార్లు అతని మీద పడి ఏడ్చిన మనిషి, ఇప్పుడెలా ఏడుస్తుందోనని ఊరంతా గుమిగూడింది. ఆమె ఏడవలేదు. పక్కన కూర్చుని, దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి అతని చేతిని పట్టుకుంది. చెవి దగ్గరికి వంగి పెదవులు కదిపింది. పావుగంట సేపు కదిపింది. ఏం చెప్పిందో ఎవరికీ వినపడలేదు. తర్వాత లేచి, ఇక ఎత్తండర్రా అంది.

మేష్టారు పోయాడు, వరాలమ్మ పోయింది. ఆ సినిమా రీళ్ళు ఎక్కడున్నాయో, ఉన్నాయో లేదో ఎవరికీ తెలీదు. నాటకం మాత్రం ఆ కొబ్బరితోటల ఊళ్ళలో ఇప్పటికీ ఆడుతున్నారు. సరంగు పెళ్ళాం వేషానికి మనిషిని గొంతు చూసి తీసుకుంటారు. యజమాని వేషానికి మీసం చూసి తీసుకుంటారు. శవం వేషానికి ఎవరైనా ముందుకొస్తే మాత్రం, "నాటకమంతా నోటికి వచ్చా?" అని అడుగుతారు. వచ్చన్నవాడికే దుప్పటి ఇస్తారు.