కాలువమ్మ వాటా

అనగనగా ఒక ఊళ్ళో, బంగారుతల్లీ, గుడ్డల మీద పూలూ లతలూ అద్దేవాళ్ళు ఉండేవాళ్ళు. ఊరి పక్కనే ఓ కాలువ. ఆ ఇళ్ళల్లో ఒక ఇంటికి నాంచారు కొత్త కోడలుగా వచ్చింది.

ఆ రోజులే వేరమ్మా! చిరివేరు ఉడికిస్తే ఎరుపు, దానిమ్మ తొక్క ఉడికిస్తే పసుపు, నీలిమందాకు నానేస్తే నీలం. నాంచారు మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి జాడిస్తుంటే, గుడ్డ ఎర్రగా నీళ్ళ మీద అలా అలా సాగేది. పుట్టింటి మీద బెంగంతా ఆ నీళ్ళల్లోనే తీరిపోయేది ఆమెకి.

పనయ్యాక కాగులో మిగిలిన రంగునీళ్ళు కాలువలో పోసి దణ్ణం పెట్టేవాళ్ళు. "మా రంగు నిలబెట్టావు తల్లీ, ఇదుగో నీ వాటా" అనేవాళ్ళు. ఆకూ వేరూ ఉడికిన నీళ్ళేగా, కాలువ హాయిగా తాగేసేది.

ఆ తర్వాత బజార్లోకి రంగుపొడులు వచ్చాయి. ఉడకబెట్టక్కర్లేదు, చిటికెలో రంగు! ఊరంతా పొడుల్లోకి దిగింది. నాంచారూ దిగింది. వాటా మాత్రం ఎవరూ మానలేదు. రోజూ పోశారు, రోజూ దణ్ణం పెట్టారు.

అప్పుడు ముందు చేపలు చచ్చి తేలాయి. ఆ తర్వాత బాతులు రావడం మానేశాయి. ఆ తర్వాత నాంచారు కూతురు ముత్యాలుకి కాళ్ళ నిండా దద్దుర్లు లేచి పుండ్లు పడ్డాయి.

"పిల్లని కాలువలో కాలు పెట్టనివ్వకు" అన్నాడు వైద్యుడు.

ముత్యాలు గట్టు మీద కూర్చుని, "అమ్మా, కాలువకి నా మీద కోపమా?" అని అడిగింది. నాంచారు పిల్ల పుండ్ల వంక చూసింది, పొడి కలిపిన కాగు వంక చూసింది.

ఆ సాయంత్రం అత్త బుల్లెమ్మ కాగు ఎత్తబోతే నాంచారు అడ్డం నిలబడింది.

"వాటా ఎగ్గొడతావుటే? మా అత్తగారి నాటి మర్యాద!"

"పెట్టే చెయ్యి అదే అత్తా, పెట్టే కూడు మారింది. ముందు ఓ గుక్క నువ్వు తాగు, తర్వాత పోద్దాం."

"నీ అఘాయిత్యం కూలా! నన్ను చంపుదామనా?" అంది బుల్లెమ్మ. అన్న మాట తన చెవినే పడి ఆగిపోయింది. కాగు దింపేసింది.

ఆ తర్వాత వాళ్ళింట్లో మళ్ళీ చిరివేరు పొయ్యెక్కింది. చేతులు పీకేవి, పని సాగేది కాదు. ఊరు నవ్వింది. బుల్లెమ్మ ఊరుకుంటుందా? ఎవరు కాగు ఎత్తినా ఎదురెళ్ళి, "ముందు ఓ గుక్క తాగవోయ్!" అని పట్టుకునేది. ఒక్కొక్కళ్ళే పొడులు వదిలారు. వదల్లేని వాళ్ళు కాలువకి దూరంగా గచ్చుతొట్టి కట్టుకుని, రంగునీళ్ళు అందులోనే ఎండబెట్టుకున్నారు.

కాలువ మనసు ఊరికే కరగలేదమ్మా. ఎన్నో వానలు కురిశాయి.

ఓ పొద్దున ముత్యాలు ఎవర్నీ అడక్కుండా కాలువలోకి దిగేసింది. నాంచారు పరుగున వచ్చి పాదాలు తిప్పి చూసింది. మధ్యాహ్నం చూసింది. సాయంత్రం చూసింది. ఒక్క దద్దురైనా లేదు. వేళ్ళ సందుల్లో ఒట్టి ఒండ్రుమట్టి. ఆ మట్టంతా పిల్ల ఉతికిన దుప్పటికి పులిమేసింది. నాంచారు నవ్వుకుంటూ ఆ దుప్పటి మళ్ళీ కాలువలో జాడించింది.

కథ కంచికి, కాలువ కడలికి,
కంట కునుకొచ్చి మనం కలల ఇంటికి!