నీడ వెంట నడిచిన బస్‌స్టాపు

వైశాఖ శుద్ధ దశమి, గురువారం, పొద్దున్న సరిగ్గా ఎనిమిది గంటల నలభై నిమిషాలకి ప్లానింగు ఆఫీసరు జీపు దిగి బుద్ధివారి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఊళ్ళో ఇన్ని గుమ్మాలుండగా తమ గుమ్మానికే ఎందుకొచ్చాడో పేరమ్మకి వెంటనే తెలిసిపోయింది. తెలివి ఎక్కడుందో ఆఫీసర్లు వాసన పట్టేస్తారు మరి! "చెప్పిన మాట చెప్పినట్టు చేసే వంశం మాది" అని ఆవిడ రోజూ దీపం పెట్టి దేవుడిక్కూడా గుర్తు చేస్తుంది.

"అమ్మా, ఎండలు పెరిగిపోతున్నాయి, పొగ పెరిగిపోతోంది. అందుకని మీ ఊరికి కరెంటు బస్సు వేస్తున్నాం. రేపు తొమ్మిదింటికి వస్తుంది. నలుగురెక్కితే ఉంటుంది, లేకపోతే పక్కూరికి పోతుంది. ఇదిగో స్టాపు స్తంభం. ఇది ఎప్పుడూ నీడలోనే ఉండాలి. స్టాపు దగ్గర తప్ప ఎవరూ బస్సెక్కకూడదు" అన్నాడు ఆఫీసరు.

పేరమ్మ కళ్ళు చెమర్చాయి. రెండేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. టౌను ఆస్పత్రి ఆరు మైళ్ళు. బస్సుంటే పీట మీద కూర్చున్నట్టు కూర్చుని వెళ్ళిరావచ్చు!

ఇంకేముంది! ఆవిడ భర్త అప్పలస్వామి, మరిది సింహాద్రి కలిసి రోడ్డు పక్క నిద్రగన్నేరు చెట్టు నీడలో స్తంభం పాతేశారు. అన్నాలు తినొచ్చి చూస్తే స్తంభం ఎండలో ఉంది.

"ఎవడో జరిపేశాడన్నయ్యా!"

అప్పలస్వామి చాలాసేపు ఆలోచించాడు. "స్తంభాన్ని కాదురా, నీడని."

అంతే. పీకారు, మళ్ళీ నీడలో పాతారు. నీడ జరిగింది. మళ్ళీ పీకారు. మూడింటికి స్టాపు నడిరోడ్డు మీదుంది. ఐదింటికి ఎదురింటి సూరమ్మ పశువులపాకలో ఉంది.

"ఓలమ్మ పేరమ్మా, బస్సు నా గేదె మీంచి పోతాదేటే?"

"పోతే పోనీయే, పొగ రాదులే!"

పొద్దు వాలింది. నీడ ఎక్కడా లేదు. కోడలు పైడితల్లి రోడ్డు మీది గోతులు చూసి బెంబేలెత్తింది. "అత్తా, రేపు కూడా ఇలాగే తిరుగుతాదా?"

"తప్పంతా ఆ చెట్టుది వదినా" అన్నాడు సింహాద్రి. "చెట్టు లేకపోతే నీడ తిరగదు. నీడ తిరక్కపోతే స్తంభం కదలదు."

ఆ మాటకి ఇంటిల్లిపాదీ పొంగిపోయారు. పేరమ్మ మాత్రం చెట్టు దగ్గరికి వెళ్ళింది. ఆ చెట్టు అత్తగారు నీళ్ళు పోసి పెంచింది. పేరమ్మ దాని మొదలుకి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, "ఊరు చల్లబడ్డానికే తల్లీ, ఏమీ అనుకోకు" అని దణ్ణం పెట్టుకుంది. చీకటి పడేలోగా చెట్టు నేల మీదుంది.

మర్నాడు తొమ్మిదింటికి బస్సు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. ఎండ మాడ్చేస్తోంది. రోడ్డు పొడుగునా చూస్తే ఒక్కటే నీడ. అది బస్సు నీడ! ఇంకేముంది, ఆ నీడలోనే గునపం దింపారు.

"ఎక్కండమ్మా, టైమైపోతోంది!" అరిచాడు డ్రైవరు.

"ఉండు నాయనా, స్టాపు పాతకుండా ఎక్కకూడదు!"

పది నిమిషాలు చూసి డ్రైవరు బస్సు కదిలించాడు. దానితో నీడా కదిలింది.

"నీడ పోతోంది, పట్టుకోండి!" అంది పేరమ్మ. అంతే! అన్నదమ్ములు స్తంభం భుజాన వేసుకున్నారు, పైడితల్లి గునపం పట్టుకుంది, పేరమ్మ మోకాళ్ళు పట్టుకుంది. నలుగురూ బస్సు వెనకాల పరుగు.

మలుపులో లెక్క రాస్తున్న ఆఫీసరు చూశాడు. బస్సులో సున్నా, రోడ్డు మీద నలుగురు. మురిసిపోతూ రాసుకున్నాడు: "ఈ ఊరివారికి నడకే ప్రీతి. పర్యావరణానికి మేలు. బస్సు అక్కర్లేదు."

మిట్టమధ్యాహ్నానికి టౌను చేరారు. ఆస్పత్రి గేటు పక్క రేకుల కింద చక్కటి నీడ. స్తంభం పాతి, మట్టి తొక్కి, నలుగురూ దాని చుట్టూ చతికిలబడ్డారు. గేటు దగ్గరి కాపలాదారు జాలిపడి, "లోపలికి రండమ్మా, ఎవరికి బాగోలేదు?" అన్నాడు.

పేరమ్మ మోకాళ్ళు రాసుకుంటూ చల్లగా నవ్వింది.

"నాకే నాయనా, ఆస్పత్రికి వెళ్ళాలి. స్టాపు ఇప్పటికి కుదిరింది. బస్సు రాగానే ఎక్కి వచ్చేస్తాం."